గంప కింద మాట

పెద్దత్తగారు పోయిందని కబురు తెచ్చిన పాలేరుని నేను మొట్టమొదట అడిగిన మాట "గంప ఎత్తారా?" అని. ఎలా పోయింది, ఏ వేళప్పుడు పోయింది, దగ్గర ఎవరున్నారు, ఇవన్నీ తరవాత గుర్తొచ్చాయి. వాడు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ, "ఎవరెత్తుతారండీ? మీరొచ్చి ఎత్తితేనే గానీ శవం కదలదంటున్నారండీ అందరూ" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. రాలేదని సిగ్గూ పడలేదు. ఆవిడ మా ఆయనకి పెదతల్లి. మా అత్తగారు నేను కాపురానికి రాకముందే పోవడంతో ఆ ఇంటి అత్తరికం మొత్తం ఈవిడ చేతిలో పడింది. ఇద్దరత్తల పనీ ఒక్కతే చేసింది, ఏ లోటూ రానివ్వకుండా. ఇప్పుడు మేముండేది తాడేపల్లిగూడెంలో బియ్యం మర పక్కన. మర ఆగిన క్షణాన చెవుల్లో హోరు ఒకటి మిగిలిపోతుంది. కబురు విన్నాక నాకు మిగిలింది అదే.

భీమడోలులో రైలు దిగి, బండి మీద గుండుగొలను దాటి, నీళ్ళు తగిలాక తాటిదోనె ఎక్కితే ఆ ఊరు. కొల్లేటి ఒడ్డున ఉన్న అలాంటి ఊళ్ళలో ఆడవాళ్ళ తగువుకి ఒక పద్ధతి ఉంది. పొద్దున్న మొదలైన తగువు వంట వేళకి తెగకపోతే వీధి మధ్యలో ఒక గంప బోర్లిస్తారు. తగువు దాని కింద ఉన్నట్టు లెక్క. ఎవరిళ్ళకి వాళ్ళు పోయి, పొయ్యి రాజేసి, మగాళ్ళకి పెట్టి, తీరిక చిక్కాక వచ్చి గంప ఎత్తి, ఆగిన మాట దగ్గర్నుంచి అందుకుంటారు. ఆఖరి మాట ఎవరు పడ్డారో వాళ్ళదే ఎత్తే హక్కు. వాళ్ళు ఎత్తి జవాబు చెప్పేదాకా అవతలి మనిషి ఇంకో మాట అనకూడదు. మామూలుగా మర్నాటికల్లా ఎత్తేస్తారు. నాట్లప్పుడైతే ఓ వారం ఉంటుంది.

తాడేపల్లిగూడెంలో పుట్టింటి నుంచి నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు వీధిలో బోర్లించిన గంప చూసి, కోడిపెట్టని కమ్మి మరిచిపోయారేమోనని ఎత్తబోయాను. వీధి వీధంతా కేకపెట్టింది. పెద్దత్తగారు గుమ్మంలోంచి కదలకుండానే, "తాడేపల్లిగూడెంలో రైలాగుతుందన్నారు గానీ, తెలివి అక్కడ దిగినట్టు లేదు" అంది. అదీ నాకు ఆ ఇంట్లో జరిగిన స్వాగతం.

పొట్టి మనిషి. చెవులకి కమ్మలు తీసేశాక మిగిలిన సాగిన తూట్లు. చిన్నప్పుడు వస ఎక్కువ పోశారని ఊరంతా అనేది. ఆవిడా కాదనేది కాదు. ఎవరినైనా అనబోయే ముందు జుట్టుముడి బిగించి, కొంగు కొసతో పెదాలు ఒకసారి తుడుచుకునేది, భోజనానికి కూర్చోబోయే మనిషిలా. మా వైపు తిట్టు కూడా 'అండీ' లేకుండా తిట్టరు కదా, ఆవిడ దానికి ఇంకా మెరుగు పెట్టింది. మనల్ని 'నువ్వు' అంటున్నంతసేపూ ఫరవాలేదు. 'ఏవే', 'ఒసే' అంటే ప్రేమగా ఉన్నట్టే. 'మీరు' అని మొదలుపెట్టిందా, పిల్లల్ని చంకనేసుకుని పారిపోవాలి.

ఒకసారి బట్టలకని ఏలూరు వెళ్ళాం. కొట్టాయన ఒక తాను పరిచి, "మీ లంకల్లో ఇలాంటి గుడ్డ చూసుండరు లెండి" అన్నాడు. ఈవిడ కొంగుతో పెదాలు తుడుచుకుంది. నేను గుమ్మం వైపు జరిగాను. "నిజమేనండీ, చూసుండం. మా ఊళ్ళో ఇది గుమ్మం ముందేస్తాం. కాళ్ళు తుడుచుకునేటప్పుడు కిందకి ఎవరు చూస్తారండీ?" అంది. ఆ పెద్దమనిషి చేతిలోని తానుని మళ్ళీ చుట్టడం మరిచిపోయాడు.

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఖద్దరు టోపీ కుర్రాడొకడు మా ఊరొచ్చి, అరుగెక్కి, కొట్టినవాణ్ణి తిరిగి కొట్టకూడదనీ, దెబ్బతిని నవ్వాలనీ చెప్పాడు. చక్కగా చెప్పాడు కూడా. నలుగురైదుగురు కళ్ళు తుడుచుకున్నారు. పెద్దత్తగారు అంతా విని, "తిరిగి కొట్టకపోతే తగిలిందో లేదో కొట్టినవాడికి తెలిసేదెలా బాబూ?" అని అడిగింది.

"వాడి మనసు మారుతుందమ్మా."

"ఓహో. అది మారేదాకా మీరు వీపు మార్చుకుంటూ ఉంటారన్నమాటండీ."

కుర్రాడు ఇచ్చిన మజ్జిగ తాగకుండా దోనె ఎక్కాడు.

కొరమీనుకి బూడిద పట్టించి తోముతూ నాకు పాఠం చెప్పేది. నేను అడగలేదు. చేతికింద మనిషి దొరికితే విద్య చెప్పకుండా ఉండలేని రకం. "తిట్టు వేరు, దెప్పు వేరు, ఎత్తిపొడుపు వేరే. తిట్టడం నోరున్న ప్రతివాడూ చేస్తాడు. దెప్పాలంటే అవతలివాళ్ళ పాత సంగతులు తెలియాలి. ఎత్తిపొడవాలంటే పొగుడుతున్నట్టుండాలి, ఇంటికెళ్ళి పడుకున్నాక నెత్తురు కనపడాలి. శాపనార్థాలంటావా, అవి చేతకానివాళ్ళు పెట్టేవి. నీ ఇల్లు కూలిపోనూ, నీ కాలు విరిగిపోనూ అంటే, తగువు మనదీ, చాకిరీ దేవుడిదీనా?" బూతంటే ఆవిడకి పరమ అసహ్యం. "బూతు అద్దెబండే. ఎవడైనా ఎక్కుతాడు" అనేది.

ఆవిడ గౌరవమంతా ఎదురు మాట మీద. "ముందు మాటలో ఏముందే? రాయి ఎవడైనా విసురుతాడు. వచ్చే రాయిని పట్టుకుని ఆ రాయితోనే కొట్టాలి. మనం వంగి ఇంకో రాయి ఏరుకున్నామంటే అప్పటికే ఓడిపోయినట్టు." అని చేపని బోర్లా తిప్పి రెండో వైపు తోమేది.

నాకు మొదటి కడుపు నిలవలేదు. మంత్రసాని ఇంకా నా పక్కనే ఉంది. నా కళ్ళు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. అప్పుడు పెద్దత్తగారు గుమ్మానికి ఆనుకుని, "పులుసే చిక్కగా పెట్టడం రాదు దానికి, పిండం ఎలా నిలుస్తుంది" అంది. తమాషాకి అన్నట్టే అంది. ఆ మాట ఇప్పటికీ నా పొత్తికడుపులో ఉంది. నేను క్షమించలేదు, ఇప్పుడు చచ్చిపోయింది కదా అని క్షమించబోవడమూ లేదు.

ఆ తరవాత చాన్నాళ్ళకి, వడ్లు ఎండబోస్తూ, "మూడు పంటలు తీశాం. మా కోడలి పొలం మాత్రం బీడే" అంది కూలి మనుషుల ముందు. నాకెక్కడ్నుంచి వచ్చిందో తెలియదు. కాలితో వడ్లు నెరుపుతూ తలెత్తకుండానే, "విత్తనాలు మీ ఇంట్లోవే కదండీ పెద్దత్తయ్యగారూ. పుచ్చిపోయాయేమో చూసుకోండి" అన్నాను. ఆవిడ నాకేసి తిరిగింది. కళ్ళు మిలమిలా మెరిశాయి. మధ్యాహ్నం అన్నంలో పెరుగు మీద మీగడంతా నా కంచంలో వేసి, "నా రాయితో నన్నే కొట్టావే" అంది. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. నాకు సంతోషం వేసిందని చెప్పడానికి ఒళ్ళు మండుతుంది గానీ, వేసింది.

ఇక ఎదురింటావిడ. నెమ్మదస్తురాలు. మాట పడితే ముక్కు చీదుకుంటూ లోపలికి పోయే మనిషి. పెద్దత్తగారికి చేయి తిరగడానికి పనికొచ్చేది. కానీ ఇంట్లో మాత్రం తన ఒక్కగానొక్క కొడుకు మీద గట్టి పెత్తనం చేసేది. ఏ ఎద్దుని కొనాలో, ఏ పక్క పాపిడి తీసుకోవాలో ఆవిడే చెప్పాలి. గడ్డం నెరిసే వయసొస్తున్నా అతను తల్లిని అడగకుండా చుట్ట ముట్టించేవాడు కాదు. పెద్దత్తగారూ ఆవిడా ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు.

పెద్దత్తగారికీ ఒక కొడుకుండేవాడు. నేను రాకముందు సంగతి. ఒకనాడు కళ్ళంలో పదిమంది కూలీల ముందు తల్లి వాణ్ణి ఏదో అంది. ఏమందో ఇప్పుడు ఎవరూ చెప్పరు. వాడు కిక్కురుమనకుండా దోనె తీసుకుని కొల్లేట్లోకి పోయాడు. దోనె నీళ్ళల్లో నిలువెత్తున పెరిగే కిక్కిసగడ్డిలో దొరికింది. వాడు తరవాత దొరికాడు. గాలికి దోనె బోల్తాపడిందన్నారు. కొల్లేటి ఒడ్డున పుట్టినవాడికి ఈత రాకపోవడమేమిటని మనసులో అందరికీ ఉంది, పైకి ఎవరూ అనలేదు. ఆవిడ ముందు అసలే అనలేదు.

ఆ మాట ఎదురింటావిడ అంది.

బాతుల దగ్గర వచ్చింది తగువు. ఎదురింటి బాతులు వచ్చి మా ఎండబోసిన వడ్లు తిన్నాయి. పెద్దత్తగారు ముడి బిగించి, పెదాలు తుడుచుకుని, 'మీరు' అని మొదలుపెట్టింది. బాతుల దగ్గర్నుంచి కొట్టానికీ, కొట్టం దగ్గర్నుంచి ఆవిడ పుట్టింటికీ, పుట్టింటి దగ్గర్నుంచి చచ్చిపోయిన మొగుడికీ వెళ్ళింది. ఎదురింటావిడ మామూలుగానే ముక్కు చీదుకుని లోపలికి తిరిగింది. అప్పుడు పెద్దత్తగారు, "వెళ్ళండి వదినగారూ, వెళ్ళి అబ్బాయికి పాపిడి తీయండి" అంది. అక్కడితో ఆపితే అయిపోయేది. ఆపడం ఆ విద్యలో ఆవిడకి రానిదొక్కటే. "ఇంతకీ అబ్బాయి పాలు తాగడం మానేశాడాండీ?" అని తగిలించింది. వీధి నవ్వింది.

ఎదురింటావిడ వెనక్కి తిరిగింది. కేక పెట్టలేదు. మామూలు గొంతుతోనే, "నీ కొడుకు నీళ్ళల్లో పడలేదే వదినా. నీ నోట్లోంచి బయటపడ్డాడు" అంది.

అనేసి తనే అదిరిపోయి నోటి మీద చెయ్యి వేసుకుంది. నేను పెద్దత్తగారి పక్కనే ఉన్నాను. ఆవిడ నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. కొంగు కొస పైకొచ్చి సగంలో ఆగిపోయింది. ఏమీ రాలేదు. పక్కనున్న మనిషి చేతిలోంచి గంప లాక్కుని వీధి మధ్యలో బోర్లించింది. పొయ్యి వెలిగించే వేళ ఇంకా కాలేదు.

మర్నాడు ఊరంతా పనులు మానుకుని చూసింది. ఎత్తలేదు. ఆ మర్నాడూ ఎత్తలేదు. పది రోజులైంది, పంట కోతకొచ్చింది, మళ్ళీ నాట్లొచ్చాయి. గంప అక్కడే ఉంది. ఎండకీ వానకీ వెదురు చివికిపోతే, ఆవిడ కొత్త గంప తెచ్చి పాతదాని మీద బోర్లించేది. పాతది తీసి కొత్తది పెడితే ఆ సందులో తగువు బయటికి పోతుందని భయం. కొల్లేరు పొంగి వీధిలోకి నీళ్ళొచ్చిన ఏడు, ఇంట్లో ధాన్యం బస్తాలు తడుస్తున్నా చూసుకోకుండా రోలు దొర్లించుకెళ్ళి గంప మీద పెట్టింది. బండ్లు చుట్టూ తిరిగి పోవడం నేర్చుకున్నాయి. ఊరు మాత్రం ఎదురుచూస్తూనే ఉంది. ఇన్నాళ్ళు ఊరబెట్టిన జవాబు ఎంత ఘాటుగా ఉంటుందోనని మగాళ్ళు కూడా మాట్లాడుకునేవారు.

ఈ లోపల ఎదురింటావిడకి పక్షవాతం వచ్చింది. కుడి పక్కా, నోరూ పడిపోయాయి. ఏలూరు నుంచి డాక్టరొచ్చి చూసి, మందిచ్చి, ఆశ ఇవ్వకుండా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే పెద్దత్తగారు సానరాయీ, వసకొమ్మూ, తేనెసీసా పట్టుకుని వీధి దాటింది. గంపకి చుట్టు తిరిగి వెళ్ళింది. ఆ రోజు మొదలు రోజూ వెళ్ళేది. వస అరగదీసి, తేనెలో రంగరించి, ఆవిడ నాలిక బయటికి లాగి రాసేది. పసిపిల్లకి చేసినట్టు అ, ఆ అనిపించేది. జావ పోసేది, మూతి తుడిచేది. ఊరు ముక్కున వేలేసుకుంది. "ఎంత తిట్టినా మనసు వెన్నండీ ఆవిడది" అన్నారు. ఎదురింటి కొడుకు ఈవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

నేనొకసారి జావ గిన్నె తీసుకెళ్ళి గుమ్మంలో ఆగిపోయాను. పెద్దత్తగారు ఆవిడ దవడ రెండు వేళ్ళతో పట్టుకుని, మొహంలో మొహం పెట్టి, "అనవే. ఇంకో మాట అను. కొత్తది. నన్ను రాకాసి అను, గొడ్రాలు అను, ఏదో ఒకటను. అదొక్కటే అని పోతావుటే?" అంటోంది. మంచం మీద ఆవిడ కళ్ళు బిత్తరపోయి తిరుగుతున్నాయి. వెన్నా లేదు, ఏమీ లేదు. నేను గిన్నె గుమ్మంలో పెట్టి వచ్చేశాను.

వస పని చేసిందో, దేవుడికే జాలేసిందో, చలికాలం వెళ్ళేసరికి ఎదురింటావిడకి ముక్కలు ముక్కలుగా మాట వచ్చింది. అప్పటికి మనిషి బాగా క్షీణించింది, రోజులు దగ్గరపడ్డాయని అందరికీ తెలుసు. పెద్దత్తగారిని పిలిపించింది. నేనూ వెంట వెళ్ళాను. ఎడం చెయ్యి చాచి ఈవిడ చెయ్యి పట్టుకుంది.

"వ... వదినా. ఆ మాట... ఉత్తిదే. కో... కోపంలో అన్నాను. అబద్ధం. గంప... గంప ఎత్తెయ్యవే. గంప కింద తగువుంటే... ప్రాణం పోదంటారు."

ఆవిడ కొడుకు గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు. పెద్దత్తగారు ఆ చేతిని తన చేతిలోంచి మెల్లిగా తీసి పక్క మీద పెట్టింది. జుట్టుముడి బిగించుకుంది. కొంగు కొసతో పెదాలు తుడుచుకుంది.

"పోయేముందు అబద్ధాలెందుకండీ వదినగారూ? మీకు నప్పదు."

లేచి వచ్చేసింది. ఎదురింటావిడ ప్రాణం మూడు రోజులు కొట్టుకుంది. కొడుకు మా గుమ్మంలోకొచ్చి, "అత్తయ్యగారూ, ఒక్కసారి ఎత్తండి, మా అమ్మ చూస్తుండగా" అని బతిమాలాడు. ఈవిడ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు. నేను కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "అడ్డు లే, వెలుతురు పడటంలేదు" అంది. గంప అలా ఉండగానే ఎదురింటావిడ పోయింది.

ఆ తరవాత పెద్దత్తగారు ఎవర్నీ ఏమీ అనలేదు. ఏం అన్నా పడటం మొదలుపెట్టింది. నేను పులుసు కావాలని నీళ్ళ నీళ్ళగా పెట్టి చూశాను. మాట్లాడకుండా తాగింది. మా ఆయనకి గూడెంలో బియ్యం మర ఆఫీసులో గుమాస్తా పని దొరికి మేం వచ్చేసే ముందు రోజు ఇక ఉండబట్టలేక అడిగాను.

"జవాబు దొరకలేదాండీ పెద్దత్తయ్యగారూ?"

"దొరక్కేం? మూడోనాడే దొరికింది, కళ్ళాపి చల్లుతుంటే."

"ఏవిటండీ అది?"

చుట్టూ చూసి, నాకొక్కదానికే వినపడేటట్టు చెప్పింది. "అవునే. నా కొడుకు బయటపడ్డాడు. నీ కొడుక్కి ఆపాటి దారి కూడా దొరకలేదు."

అంతకంటే పైమాట లేదు. వచ్చిన రాయిని పట్టుకుని అదే రాయితో కొట్టడమంటే అదే. "మరి అంత మాట పెట్టుకుని ఎందుకు ఎత్తలేదండీ?" అన్నాను.

"మొదటి ముక్క చూశావా?"

ఆ మాటని లోలోపల మళ్ళీ మొదట్నుంచి చెప్పుకుని 'అవునే' దగ్గర ఆగాను.

"అవును అనకుండా ఆ మాట నిలబడదే. ఎన్ని రకాలుగా తిప్పి చూశానో. అది తీసేస్తే మిగతాది కూలిపోతుంది. పోనీ దాని చేత ఇంకో మాట అనిపిస్తే ఇంకో జవాబు చెప్పొచ్చు కదా అని వస రాశాను. ముండ, అబద్ధమంది." గోడకేసి చూస్తూ కూర్చుంది. "నిజం కాకపోతే నాకు అంత నొప్పి ఎందుకే?"

జాలేసిందా అంటే వేసింది. కానీ ఆ మొహంలోకి చూస్తుంటే ఆ మూడు రోజులూ మంచం మీద కొట్టుకున్న మనిషి మొహం అడ్డం వచ్చింది. నేను ఓదార్చలేదు. పెట్టె సర్దుకోవడానికి లోపలికి వెళ్ళాను. ఆవిణ్ణి బతికుండగా చూడటం అదే ఆఖరు.

మా ఆయనా నేనూ ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. పాడె కట్టి ఉంచారు. గంప వీధి మధ్యలో ఉంది, మొన్నెప్పుడో వేసిన పచ్చి వెదురు గంప పైన, చివికినవి కింద. మంచం పట్టేముందు ఎవరి చేతనో అల్లించుకుందిట. పక్కింటి ముసలావిడ వచ్చి, "నీ కోసమే చూస్తున్నామమ్మా. ఆ ఇంటి కోడలివి, నువ్వే ఎత్తాలి. ఎత్తి ఆవిడ జవాబు నువ్వే చెప్పాలి. నీకు చెప్పిందటగా?" అంది. ఎవరు చెప్పారో మరి. ఆడవాళ్ళు వీధికి రెండు పక్కలా చేరారు. ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపారు. చచ్చిపోయినావిడ కోసం వచ్చినవాళ్ళు కారు, జవాబు కోసం వచ్చారు.

వంగి గంపలన్నీ కలిపి ఎత్తాను. కింద గడ్డి తెల్లగా పాలిపోయి ఉంది. తలెత్తితే ఎదురుగా పాడె ముందు కొమ్ము దగ్గర ఎదురింటావిడ కొడుకు నిలబడి ఉన్నాడు. తల పూర్తిగా నెరిసింది. పాపిడి తల్లి తీసిన పక్కనే ఉంది. నా నోటికేసే చూస్తున్నాడు. మాట మొత్తం నా నాలిక మీద సిద్ధంగా ఉంది. అంత పదునైన మాట నోట్లో ఉంచుకుని చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది.

"అవును" అన్నాను.

ఇంకా ఏదో వస్తుందని అందరూ చూశారు. రాలేదు. ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఇన్నేళ్ళు ఊరించి ఇంతేనా?" అంది.

"ఇంతేనండీ" అన్నాను.

మిగతా సగం నేను చెప్పలేదు. పాడె మొయ్యడానికి వచ్చినవాళ్ళు నలుగురే ఉన్నారు, అందులో అతనొకడు.